అలిగిన ఇంజను

మామగారి షెడ్డులో ఏదీ పోదు. బల్బు పోదు, బ్యాటరీ పోదు, బ్రేకు పోదు. అన్నీ అలుగుతాయి. ముప్ఫై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్న ఆయనకి "పోయింది" అన్న మాట చెవిన పడితే చాలు, చేతిలో పానా కింద పెట్టి తలుపు వైపు వేలు చూపిస్తారు. అన్నవాడు బయటికెళ్లి, మాట మార్చుకుని మళ్లీ లోపలికి రావాలి.

"మీ జుట్టు కూడా అలిగిందా?" అని పక్క షాపు టైలరు ఒకసారి అడిగాడు.

"అలిగి వెళ్లింది. వచ్చేటప్పుడు వస్తుంది," అన్నారు మామగారు, నున్నటి బుర్ర నిమురుకుంటూ.

ఇలాంటి మనిషికి దొరికిన అల్లుడు ఫ్యాక్టరీలో చెకింగు సెక్షను. పన్నెండేళ్లుగా వస్తువులు కొలవడం, తేడా వచ్చినవాటి మీద "పనికిరాదు" అని ముద్ర గుద్దడం అతని పని. పెళ్లికి కూడా ఒక్కపూటే సెలవు పెట్టిన ఆ మహానుభావుడు ఉన్నట్టుండి సెలవులో దిగాడు. "వాడుకోకపోతే మురిగిపోతాయట," అని భార్యకి చెప్పాడు. అసలు సంగతి, ఆ సెక్షనే ఎత్తేశారు. ఆ ముక్క చెప్పేద్దామని రోజూ పొద్దున్నే గొంతు సవరించుకునేవాడు. "దగ్గు మందు వేసుకోండి," అనేది ఆవిడ. అక్కడికి ఆ కథ ముగిసేది.

అలా వారం గడిచాక మామగారు కబురు పెట్టారు.

"అల్లుడూ, ఖాళీగానే ఉన్నావుగా. రోటరీ ఇంజను కారు ఒకటొచ్చింది. బాగా అలిగింది. ఓనరు నా ప్రాణం తోడేస్తున్నాడు. ఒక చెయ్యి వెయ్యి."

ఆ ఇంజనులో పిస్టన్లు ఉండవు. మూడు మూలల రోటరు గూట్లో తిరుగుతుంది. గాలి తప్పించుకోకుండా మూలకో సన్నటి సీలు. ఆ సీళ్లు అరిగినా, మసి పట్టి బిగుసుకున్నా లోపల గాలి నొక్కుకోదు, ఇంజను లేవదు. అల్లుడు ప్లగ్గు విప్పి, ఒత్తిడి కొలిచే గేజీ పెట్టి, స్టార్టరు కొట్టించాడు.

"ఏడు ఉండాలి, నాలుగే ఉంది. కంప్రెషను పో..."

వేలు లేచింది. అల్లుడు బయటికెళ్లి, కాసేపు ఎండలో నిలబడి, లోపలికొచ్చాడు.

"కంప్రెషను అలిగింది మావయ్యా."

"అలా చెప్పు! ఇప్పుడా గేజీ జేబులో పెట్టి చెవి ఒగ్గు."

స్టార్టరు తిరుగుతుంటే ప్లగ్గు కన్నంలోంచి గాలి తన్నింది. ఫుస్, ఫుస్, ఉఫ్. ఫుస్, ఫుస్, ఉఫ్.

"విన్నావా? ఇద్దరు మాట్లాడుతున్నారు, మూడోవాడు మూతి ముడుచుకున్నాడు. విరగలేదులే, మసిలో ఇరుక్కున్నాడు. బతిమాలితే వస్తాడు."

బతిమాలడం అంటే ప్లగ్గు కన్నంలో నూనె పోసి నాననివ్వడం, పెద్ద పానా వేసి చేత్తో తిప్పడం, మళ్లీ నూనె పోయడం. "మెల్లిగా అల్లుడూ! అలిగినవాళ్లని గుంజకూడదు." రోజూ పదకొండింటికి ఓనరు షెడ్డుకి ఫోన్ చేసి, ఎత్తిన అల్లుడిని చెడామడా తిట్టేవాడు. ఆ తిట్లకి అల్లుడికి పౌరుషం వచ్చి ఇంకో గంట ఎక్కువ తిప్పేవాడు. మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చి, ఇస్త్రీ చొక్కా మీద నూనె మరకలు చూసి కూడా ఒక్క మాట అనేది కాదు. అనుమానించాల్సింది అక్కడే. కానీ భార్య మౌనాన్ని కొలిచే గేజీ అతని దగ్గర లేదు.

గేజీ మీద నాలుగు నాలుగున్నర అయింది. తర్వాత అయిదున్నర. రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మామగారు, "ఇక కొట్టు," అన్నారు.

ఇంజను దగ్గింది, తుమ్మింది, అందుకుంది. అన్నాళ్లూ తాగిన నూనె అంతా ఒక్కసారి పొగై బయటికొచ్చింది. షెడ్డు మాయమైంది. నిప్పంటుకుందనుకుని టైలరు బకెట్టు నీళ్లతో పరుగెత్తుకొచ్చి, గుడ్డిగా మామగారి మీద కుమ్మరించాడు. గుమ్మంలోంచి భార్య గొంతు వినిపించింది.

"ఏమండీ! ఎక్కడున్నారు?"

పొగలో ఎవరి మొహం ఎవరికీ కనబడడం లేదు. ఇంతకన్నా మంచి ముహూర్తం మళ్లీ దొరకదనిపించింది అల్లుడికి.

"ఇక్కడే! ఇదిగో, విను... నా ఉద్యోగం పోయింది!"

అనేశాక నాలుక కరుచుకుని, తనంతట తనే తలుపు వైపు నడిచాడు. తడిసిన చెయ్యి ఒకటి భుజం పట్టుకుని ఆపింది.

"పోతే పోయింది అల్లుడూ!"

ముప్ఫై ఏళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. టైలరు చేతిలో బకెట్టు జారి కాళ్ల మీద పడింది.

"నాకు మొదటి వారమే తెలుసండీ," అంది భార్య. "మీ ఫ్యాక్టరీ గేటు వాచ్‌మన్ నాన్నకి చెప్పాడు. మీరు చెప్పేదాకా ఆ ఊసెత్తొద్దని నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఊరికే కూర్చుంటే మీ మీద మీరే ముద్ర గుద్దుకుంటారని, తుక్కు కొట్టు నుంచి ఈ కారు లాక్కొచ్చాడు."

"మరి ఓనరు? రోజూ తిడుతున్నాడే!"

"అది నేనేనండి, గొంతు మార్చి," అన్నాడు టైలరు, కాలు పట్టుకుని. "మీ మామగారే తిట్టమన్నారు. చివర్లో రెండు మాత్రం నా సొంతం."

అల్లుడికి మామగారి కాళ్ల మీద పడాలనిపించింది. కాళ్లు కనబడలేదు. కళ్లు తుడుచుకుని తాళం మీద చెయ్యి వేశాడు.

"ఆపనా మావయ్యా?"

"ఆపకు! వేడి మీద ఆపితే మళ్లీ లేస్తుందో లేదో! ఎక్కండందరూ!"

మామగారు, టైలరు వెనక కూర్చున్నారు. భార్య క్యారేజీ ఒళ్లో పెట్టుకుని ముందు ఎక్కింది. కారు వీధినంతా పొగతో కప్పేస్తూ కదిలింది.

"ఏమండీ, నాకు ఒక్క మాట చెప్పడానికి ఇంత పొగ కావాలా?"

అల్లుడు హారను కొట్టాడు.