రేపు మీరు బడికి రావద్దు

ఇరవై రెండేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. చిన్న మాటే. "నేనెందుకంట?" అన్నాను ఒక తండ్రితో, ఆయన కూతురు పక్కనే నిలబడి ఉండగా. అది అబద్ధమని ఆ గదిలో ఇద్దరికి తెలుసు. నాకు, పన్నెండేళ్ల ఆ పిల్లకు. మూడో మనిషి, ఆ తండ్రి, నన్ను నమ్మాడు.

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగకపోవచ్చు. ఉపాధ్యాయులైతే మాత్రం ఏదో ఒక శిక్షణ తరగతిలో చూసే ఉంటారు. ఇంట్లో ఏ భాష మాట్లాడే పిల్లయినా బడిలో సమానమే అని గంటసేపు చెప్పే సారును. తన బడి గోడల మీద ఉర్దూ, గోండి, హిందీ, ఒడియా మాటలు రాయించిన పెద్దసారును. ఆ సారు గురించి మీకు తెలియనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను గోదావరిఖనిలోనే పుట్టాను. మా నాయన బొగ్గుబాయిలో పనిచేశాడు. నాకు ఉద్యోగం కూడా ఇక్కడే వచ్చింది. అప్పటికి చేరి మూడేళ్లయింది. ఏడో తరగతికి క్లాసు టీచరును, లెక్కలు చెప్పేవాణ్ని.

నస్రీన్ ఆ తరగతిలో ఉండేది. వాళ్ల నాన్న ఇస్మాయిల్ భాయ్ బాయిలో డ్రిల్లు మిషను మీద పనిచేసేవాడు. ఇంట్లో దక్కనీ మాట్లాడుకునేవారు. బస్తీలోని ఉర్దూ బడి ఐదో తరగతితో అయిపోతుంది కాబట్టి ఆరులో మా బడికి వచ్చింది. తెలుగు మాట్లాడటం వచ్చు. చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం దగ్గర ఆగి, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేది. వెనక బెంచీలు నవ్వేవి. నేను నవ్వలేదు. నవ్వినవాళ్లను ఆపనూ లేదు.

ఒకరోజు శేషాల లెక్కలు చెబుతున్నాను. ఆ పిల్ల లేచి, "సార్, మా అబ్బా షిఫ్టు గిట్లనే చెప్పొచ్చు" అంది. అబ్బా అంటే వాళ్ల నాన్న. బాయిలో మూడు షిఫ్టులు, వారానికొకటి మారుతుంది. చూద్దామని రెండు నెలల అవతలి తారీఖు ఒకటి చెప్పాను. పైకప్పు వైపు చూసి, "సెకండ్ షిఫ్టు" అంది. నేను కాగితం మీద వేసుకుంటే గాని తేలలేదు. సరిగ్గా చెప్పింది. ఆ రోజు నుంచి తరగతి అంతా ఆమె వెంట పడ్డది. పండుగ నాడు మా నాయిన ఇంట్ల ఉంటడా, మా అన్న పెండ్లి నాడు ఏ డ్యూటీ అని అడగడం, ఆమె చెప్పడం. అలాంటి బుర్ర నా తరగతిలో అంతకు ముందు లేదు. తర్వాతా చాలా ఏళ్లు రాలేదు.

ఇక తనిఖీ సంగతి. అధికారులు వస్తున్నారంటే బడిలో ముందురోజు నేల కడిగిస్తారు, చార్టులు దుమ్ము దులిపి తగిలిస్తారు, చదవరాని పిల్లలను ఇంటి దగ్గరే ఉండమంటారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మాకు ముందువాళ్లు చేశారు, మేమూ చేశాం. వచ్చినవాళ్లు ఎవరో ఒకరిని లేపి తెలుగు పాఠం చదివిస్తారు. తడబడితే టీచరుకు మెమో. అప్పటి పెద్దసారు నన్ను పిలిచి, "చదవరానోళ్లను రేపు రమ్మనకు" అన్నారు. అంతే అన్నారు. పేర్లు ఆయన చెప్పలేదు. ఎంచింది నేను.

సాయంత్రం బెల్లు కొట్టాక పదకొండు మందిని ఆపాను. "రేపు మీరు బడికి రావద్దు" అన్నాను. ఆ పదకొండు మందిలో ఇంట్లో తెలుగు మాట్లాడేది ఒక్కరే. మరి బొగ్గు కంపెనీ కాలనీ క్వార్టర్ల నుంచి వచ్చే తెలుగు పిల్లల్లో చదవరానివాళ్లు లేరా? ఇద్దరున్నారు. వాళ్లను ఎందుకు ఆపలేదు? ఈ ప్రశ్న చాలాకాలం నన్ను నేను అడగలేదు. అడిగాక జవాబు వెంటనే దొరికింది. వాళ్ల నాన్నలు వచ్చి, మా పోరన్ని ఎందుకు రావద్దన్నవని నిలదీస్తారు. ఈ పదకొండు మంది వెనకాల అడిగేవాళ్లు లేరు. చదువు రానివాళ్లను కాదు, అడగలేనివాళ్లను ఎంచాను నేను.

నస్రీన్ మాత్రం వెళ్లకుండా నిలబడింది. "లెక్కలు అడిగితే చెప్త గద సార్?" అంది.

"లెక్కలు అడగరు" అన్నాను.

మర్నాడు వాళ్లు అడిగింది లెక్కలే. వచ్చినవాళ్లలో ఒక మేడం, ఆడపిల్లల గురుకులంలో సీట్లు ఖాళీగా ఉన్నాయనీ, లెక్కల్లో చురుకైన అమ్మాయిలుంటే అప్పటికప్పుడే పరీక్ష పెట్టి తీసుకుంటాననీ చెప్పింది. నేను నోరు తెరిచే లోపే తరగతి అరిచింది, "నస్రీన్ సార్! నస్రీన్!" అని. మేడం నవ్వి, ఎవరా నస్రీన్ అంది.

"ఈ రోజు రాలేదు మేడం. సరిగా రాదు" అన్నాను. ఆ పిల్ల ఆ ఏడు అప్పటిదాకా ఒక్కరోజూ మానలేదు.

"ఇల్లు దగ్గరేనా? పిలిపించండి" అంది ఆమె.

ఇల్లు పది నిమిషాల దూరం. పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. వచ్చి, ఎందుకు రాలేదంటే ఏం చెబుతుంది? "ఊళ్లో లేరు మేడం. బెల్లంపల్లి పోయారు" అన్నాను. బెల్లంపల్లి ఎక్కడి నుంచి తట్టిందో నాకే తెలియదు. ఇంకో ఇద్దరు అమ్మాయిలకు పరీక్ష పెట్టి తీసుకున్నారు. వాళ్లు బాగా చదువుకున్నారు. అందులో వాళ్ల తప్పు లేదు.

మూడో రోజు ఇస్మాయిల్ భాయ్ వచ్చాడు. ఫస్టు షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్ల అంచుల్లో బొగ్గు కాటుకలా ఉంది. నస్రీన్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సలాం సార్. ఒక మాట అడగాలె, గుస్సా కావొద్దు."

"చెప్పు భాయ్."

"మొన్న మేడమొచ్చి ఆడపిల్లలను పెద్ద బడికి తీసుకుందట గద. పోరగాండ్లందరు దీని పేరే చెప్పిండ్రట. ఇదేమో ఆ రోజు ఇంట్ల కూసున్నది. ఎందుకు పోలేదే అంటె, సారే రావద్దన్నడు అంటది." నవ్వాడు. "బడికి రావద్దని సారు అంటడా? మా బాయిల కూడ డ్యూటీకి రావద్దంటే సస్పెండు చేసినట్టే. ఇదేం తప్పు చేసిందని సస్పెండు చేస్తరు?"

నస్రీన్ నా వైపు చూసింది. ఆ చూపులో ఫిర్యాదు లేదు. నేను నిజం చెబుతాననే నమ్మకం ఉంది. అందుకే మరిచిపోలేకపోతున్నాను.

"నేనెందుకంట భాయ్? అందరిని రమ్మన్ననే" అన్నాను.

ఆయన ముఖం మీది నవ్వు పోయింది. కూతురి వైపు తిరిగాడు. "విన్నవా? సారు మీదనే ఝూట్ చెప్తవా? మాఫీ అడుగు."

ఆ పిల్ల కాసేపు నేల చూసింది. తర్వాత నన్ను చూసింది. "మాఫ్ చెయ్యండి సార్" అంది.

నేనేమన్నానో తెలుసా? "పర్వాలేదు" అన్నాను. నేను ఆమెను క్షమించాను!

ఆ తర్వాత ఆమె తరగతిలో చెయ్యెత్తలేదు. పిల్లలు షిఫ్టులు అడిగితే తెలియదనేది. పరీక్షలు రాసింది, పాసయింది. జూన్‌లో బడి తెరిస్తే రాలేదు. సారు మీదనే అబద్ధమాడే పిల్లకు సదువెందుకని వాళ్లబ్బా మిషను కుట్టుడు నేర్పిస్తున్నాడని, పక్కింటి పిల్ల చెప్పింది. అదే పది నిమిషాల దూరం. వెళ్లి ఒక్క మాట చెబితే సరిపోయేది. వెళ్లలేదు. మొదటి ఏడు మెమో భయం అనుకున్నాను. ఐదేళ్లకు మెమో భయం పోయింది, అప్పుడూ వెళ్లలేదు. అంటే మెమో కాదు. ఒక బాయి కార్మికుడి ముందు సారు చిన్నవాడు కావడం ఇష్టం లేదు. నేను కూడా బాయి కార్మికుడి కొడుకునే. మా నాయన కూడా ఏ సారు ముందైనా చేతులు కట్టుకునే నిలబడేవాడు. ఆ కట్టుకున్న చేతులు చూసి ధైర్యం తెచ్చుకుని అబద్ధం చెప్పాను కాబోలు.

నేను మారలేదని కాదు. ఆ తర్వాత ఏ తనిఖీకీ ఎవరినీ ఇంట్లో ఉండమనలేదు. పిల్లల ఇంటి మాటలు కొన్ని నేర్చుకున్నాను. లెక్క తెలుగులో అర్థం కాని పిల్లకు తన భాషలో పక్క పిల్ల చేత చెప్పించాను. నాకు పేరొచ్చింది. శిక్షణల్లో మాట్లాడమని పిలిచారు. అక్కడ ప్రతిసారీ ఒక కథ చెప్పేవాణ్ని. "నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది, తెలుగు చదవలేదు, కానీ ఏ తారీఖు చెప్పినా వాళ్ల నాన్న షిఫ్టు చెప్పేది, చదవడం ఒక్కటే చదువు కాదని నాకు ఆమె నేర్పింది." అక్కడితో ఆపేవాణ్ని. చప్పట్లు కొట్టేవారు. మీలో కొందరు కొట్టే ఉంటారు. ఆమె ఏమైందని ఒక్కరూ అడగలేదు. అడగకుండా కథను ఎక్కడ ఆపాలో నాకు బాగా తెలుసు.

ఇప్పుడు అదే బడికి నేను పెద్దసారును. ఈ జూన్‌లో నస్రీన్ నా గదిలోకి వచ్చింది. కూతురిని ఆరో తరగతిలో చేర్పించడానికి. చూడగానే గుర్తుపట్టాను. ఆమె కూడా. దరఖాస్తు ఇచ్చాను. ఎక్కడా ఆగకుండా చదివి, తెలుగులో నింపి, సంతకం చేసింది. ఎవరు నేర్పారో. నేను మాత్రం కాదు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది.

"సార్, ఇన్‌స్పెక్షన్ నాడు గూడ పంపాల్నా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది. "పంపాలె" అన్నాను. సరేనని తల ఊపి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున పదింటికి వాళ్లింటికి వెళ్లాను. బడి దగ్గరి నుంచి ఆ పది నిమిషాల దూరం నడిచే వెళ్లాను. ఇస్మాయిల్ భాయ్ రిటైరై గడప ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నస్రీన్ కుటుంబం ఆయనతోనే ఉంటుంది. లోపల గుమ్మం పక్కనే కుట్టుమిషను ఆడుతోంది. నన్ను చూసి ఆయన లేవబోయాడు. వద్దన్నాను.

మెల్లగా చెప్పాలని వచ్చాను. ఇంట్లో కూర్చుని, తలుపు దగ్గరికి వేసుకుని. నాలుగు మాటలు కూడదీసుకుని మొదలుపెట్టాను. ఆయన చెవి నా వైపు తిప్పాడు.

"గట్టిగ చెప్పు సారు. చెవులు బాయికిచ్చి వచ్చిన."

ముప్పై ఏళ్ల డ్రిల్లు మోత. నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. కాస్త గొంతు పెంచి, "రావద్దన్నది నేనే భాయ్" అన్నాను.

"ఎక్కడికి రావద్దు? ఎవరు?"

ఎదురుగా పంక్చర్ల దుకాణంలో ట్యూబుకు గాలి కొడుతున్న మనిషి చెయ్యి ఆపి చూశాడు. నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు చూశారు. ఇంకో రోజు వద్దామా? రాసి ఇద్దామా? ఆయనకు తెలుగు చదవరాదు. ఎవరితోనో చదివించుకోవాలి, నా తప్పును ఆ కుటుంబం మళ్లీ ఇంకొకరి నోటితో వినాలి. కాదు. నిలబడ్డాను. తరగతిలో కూడా అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

"ఇరవై రెండేండ్ల కింద ఇన్‌స్పెక్షన్ నాడు నస్రీన్‌ను బడికి రావద్దన్నది నేనే! నీ బిడ్డ నిజమే చెప్పింది! ఝూట్ చెప్పింది నేను!"

కుట్టుమిషను ఆగింది.

ఆయన నా ముఖం వంక చూస్తూ ఉండిపోయాడు. అర్థం కాలేదేమో, ఇంకోసారి అరవాలేమో అనుకున్నాను. అర్థమైంది. ఎందుకంటే మెల్లగా తల తిప్పాడు. నస్రీన్ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు. ఆయన ఆమెతో ఒక మాట అన్నాడు, వాళ్ల భాషలో. చిన్న మాట. నేను గోడల మీద ఎన్నో మాటలు రాయించాను, వాటిలో ఆ మాట లేదు. ఆమె జాకెట్టు కిందపెట్టి వచ్చి ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుంది.

ఆ మాటకు అర్థమేమిటని నేను అడగలేదు. అది నాది కాదు.

క్షమించమని కూడా అడగలేదు. ఒకసారి నా ముందు ఆ మాట ఆ పిల్ల నోట పలికించారు, నేను తీసుకున్నాను. మళ్లీ ఏ ముఖంతో అడగను? కూర్చోమని ఎవరూ అనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను. నస్రీన్ బిడ్డ బడికి వస్తోంది. ఆ ఇంటి నుంచి నాకింకే మాటా రాలేదు. రావాలని లేదు.

వచ్చే నెల మళ్లీ శిక్షణ ఉంది. ఆ కథ చెబుతాను, ఈసారి చివరిదాకా. అక్కడికి రాలేనివారి కోసం ఇది రాశాను. రేపు మీ బడికి తనిఖీ ఉంటే, ఈ సాయంత్రం మీరు కొందరిని ఆపి ఒక మాట చెప్పబోతుంటే, ముందు ఆ పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని చూడండి. ఎవరిని ఎంచారో మీకే కనిపిస్తుంది.

ఆ ఆదివారం అరిచిన అరుపుకు నా గొంతు రెండు రోజులు సరిగా పెగల్లేదు. సోమవారం ఆరో తరగతి టీచరు సెలవులో ఉంటే హాజరు నేనే పిలిచాను, బొంగురు గొంతుతోనే. పిల్లలు నవ్వారు. పిలిచిన ప్రతి పేరుకూ జవాబు వచ్చింది.