రంగు తినే తొట్టి

కుళ్ళాయప్ప చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. గోరంట్ల దగ్గర వేరుశనగ ఎండిపోయాక ముదిగుబ్బ పక్కన పట్టునూలుకు రంగులద్దే షెడ్డులో కూలికి చేరాడు. షెడ్డు నీళ్ళు వంకలోకి, వంక నుంచి గొర్రెలు మేపుకునే తిమ్మక్క బావిలోకి. అవి తాగి ఆమె చూడి గొర్రెలకు కడుపులు పోయాయి. చీర మెరుపు చూసి కొనేవాళ్ళు, ఆ మిగులు నీళ్ళు ఎవరి గొంతులోకి పోతాయని అడగరు. ఊరే అడిగింది. ఇంకోసారి ఎర్రనీళ్ళు కనిపిస్తే షెడ్డుకు తాళమేనని తేల్చింది.

అప్పుడు అనంతపురం నుంచి నీళ్ళ సంఘం అమ్మాయి అంజలి వచ్చింది. షెడ్డు కాలువ అడుగు బురదలో రంగును విరగ్గొట్టి తినే బ్యాక్టీరియా ఉంటుందని చెప్పి, ఆ బురదనే తొట్టిలో వేయించి, మేతగా బెల్లం నీళ్ళు పోయించింది. కొన్ని వారాలకు తొట్టి దాటిన నీళ్ళు తేటపడ్డాయి. పరీక్ష చేయించాకే గొర్రెల్ని బావి దగ్గరికి రానిచ్చారు.

ఆ యేడు ఆయుధపూజకు పనిముట్లన్నీ కడిగారు. తనకు కూడు నిలబెట్టిన తొట్టిని కుళ్ళాయప్ప ఇంకొకరి చేతికివ్వలేదు. జిగట గోడల్ని బ్లీచింగ్ పౌడర్‌తో తెల్లగా రుద్ది, పసుపు పూసి, బొట్లు పెట్టి మొక్కాడు. పండగయ్యాక పని మొదలుపెడితే వంక మళ్ళీ ఎర్రబడింది.

తిమ్మక్క షెడ్డులోకి దూసుకొచ్చింది.

"ఏమప్పా కుళ్ళాయప్పా, నా గొర్రెలకు పెండ్లిచీర కడతాండావా?"

"తొట్టి కడిగినానక్కా. పండగ కదాని... బ్లీచింగేసి."

"అయ్యో నీ భక్తి పాడుగాను! పూజ చేసి దేవుణ్ణే సంపినావు కదప్పా!"

ఆమె ఒక్క కేక వేస్తే ఊరొచ్చి తాళం వేస్తుంది. కుళ్ళాయప్ప తల దించుకున్నాడు. ఆమె కేక వేయలేదు.

"ముందు తూము మూయి. ఆ పాపకు ఫోన్ చెయ్యి."

అంజలి ఫోన్‌లోనే చెప్పింది: "బ్లీచింగ్‌కు ఆ బ్యాక్టీరియా చచ్చిపోయింది. వాసన పోయేదాకా తొట్టి కడగండన్నా. తొట్టికి పైనున్న కాలువలో బురద బతికే ఉంటుంది, అదెయ్యండి. నీళ్ళు తేటపడేదాకా అద్దకం ఆపాల."

అద్దకం ఆపడమా అని షెడ్డు యజమాని గొణిగాడు.

"తాళం యాడుండాదో చెప్పు సామీ, నేనే తెస్తా" అంది తిమ్మక్క. ఆయన అద్దకం ఆపించాడు. ఆమే కొంగు బిగించి కాలువలోకి దిగి బురద తోడితే, కుళ్ళాయప్ప గంపలు మోశాడు.

నీళ్ళు తేటపడ్డాయి. ఆ చలికాలం తిమ్మక్క మందలో పిల్లలు నిలిచాయి. ఒక పిల్లను చంకనెత్తుకొచ్చి ఆమె కుళ్ళాయప్ప ఎర్రచేతుల్లో పెట్టింది.

ఇప్పటికీ ఆయుధపూజ నాడు ఆమె వచ్చి అడుగుతుంది: "ఈతూరి పసుపు యాడ పూసినావప్పా?"

"బయట గోడకేలేక్కా" అంటూ అతను బెల్లం నీళ్ళు తొట్టిలో పోసి, ఆ నల్లబురదకు చేతులు జోడిస్తాడు.