కారులో ఇద్దరికి చోటు

ఆ రోజుల్లో పెళ్ళయిన ఇద్దరు కలిసి ఊరు దాటాలంటే పెద్దవాళ్ళకు చెప్పుకోదగ్గ కారణం ఒకటి ఉండాలి. పెళ్ళో, చావో, మొక్కో. ఊరికే చూసి వద్దామని పోవడం మా బాగేపల్లి ఇంట్లో అంతకుముందు ఎవరూ చేసినట్టు నాకు గుర్తు లేదు. నేను అప్పుడే చింతామణిలో బడి మేష్ట్రుగా చేరాను. వారమంతా అక్కడొక గదిలో ఉండి శనివారం సాయంత్రం బస్సులో ఇల్లు చేరేవాణ్ణి. పెళ్ళయి ఏడాది కావస్తున్నా నా భార్యతో నిదానంగా మాట్లాడిన పూట ఒకటీ లేదు. ఇంటినిండా మనుషులు. ఆమె వంటింట్లో, నేను వసారాలో. నా సంచిలో ఉన్న గ్రంథాలయం పుస్తకాలను ఆమె తీసి చదివి, మళ్ళీ సంచిలోనే పెట్టేది. మా మాటామంతీ చాలావరకు ఆ సంచిలోనే జరిగేది. (ఎంతవరకు చదివిందో గుర్తుకు చీపురుపుల్ల పెట్టేది. ఆ పుటలో ఆమెకు ఏం నచ్చిందా అని నేను బస్సులో కూర్చుని వెతుక్కునేవాణ్ణి.)

ఒకసారి ఆ సంచిలో మా జిల్లా గురించి కన్నడంలో రాసిన పాత పుస్తకం ఒకటి ఉంది. మన పొలాల పక్కన బీళ్ళలో కనిపించే రాతిపలకల గదులు వేల ఏళ్ళనాటివని, కొండల మీది కోటలు పాళెగాళ్ళవని అందులో వివరంగా రాసి ఉంది. మరుసటి ఆదివారం నేను బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే ఆమె బిందె పట్టుకుని వచ్చి, అటూ ఇటూ చూసి, "అవన్నీ మన పక్కనే ఉండాయంట గదా, ఒకతూరి చూడాలని ఉండాది" అంది. అంతే చెప్పి బిందె ముంచుకుని వెళ్ళిపోయింది. పెళ్ళయ్యాక ఆమె నన్ను అడిగింది అదొక్కటే. ఎట్లాగైనా చూపించాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను. కోటలు, రాళ్ళు ఆమెకు. నాకు మాత్రం ఆమె పక్కన కూర్చుని కొన్నిరోజులు ప్రయాణం చేస్తే చాలు.

చిక్కబళ్ళాపురంలో మా అక్క మొగుడు ఉర్లగడ్డల వ్యాపారం, అంటే బంగాళాదుంపలది, చేసేవాడు. మా చుట్టాలందరిలో కారున్నది ఆయనకే కాబట్టి అందరూ ఆయన్ను కారు బావ అనేవారు. "బండి నేను తోల్తా, దారి నువ్వు చెప్పు మేష్ట్రూ" అన్నాడు. దసరా సెలవులు అనుకున్నాం. క్యాలెండరు కాగితం వెనక నేను దారి గీశాను. బాగేపల్లి నుంచి గుమ్మనాయకనపాళ్యం కోట, అక్కడినుంచి గుడిబండ కోట, రాత్రికి చిక్కబళ్ళాపురంలో అక్క ఇల్లు, తర్వాత నందికొండ, ఆపైన చింతామణి పక్క బీళ్ళలో రాతిగదులు, చివరికి కెంచార్లహళ్ళిలో నా అత్తగారిల్లు. ముందు సీట్లో బావ, అక్క; వెనక మేమిద్దరం. దారికంటే ముందు నేను గీసుకున్నది ఆ సీట్లే.

అసలు చిక్కు నాయనకు చెప్పినప్పుడు వచ్చింది. కోటల మాట ఆయన చెవిన పడలేదు. "పాండవుల గుళ్ళకా పోతాండేది?" అన్నాడు. మా పక్క ఆ రాతిగదులను అట్లాగే పిలుస్తారు. అరణ్యవాసంలో పాండవులు ఒక్కో రాత్రి ఒక్కో చోట తలదాచుకున్నారని నమ్మకం. (ఆ గదిలో భీముడొక్కడు కూడా పట్టడు. ఈ అనుమానం ఎవరికీ రాలేదు.) గుడి అంటే అనుమతి సులభంగా దొరుకుతుందని నేను అవునని తలూపాను. సాయంత్రానికల్లా నా విహారం తీర్థయాత్ర అయిపోయింది. అవ్వకు ఎప్పటిదో మొక్కు జ్ఞాపకం వచ్చింది. అమ్మ తాను పోకపోతే అవ్వను చూసుకునేదెవరంది. చాకవేలు నుంచి పెదనాయన తానూ వస్తానని మనిషితో చెప్పి పంపాడు. సోమేనహళ్ళిలో చుట్టాల ఇంటి ముందు నుంచే పోతూ అన్నం తినకుండా పోతే వాళ్ళు జన్మలో మాట్లాడరని తేలింది. ఆ భోజనం కోసం గుడిబండ కోటను కొట్టేశాను. ఇంకో చుట్టం కాఫీకి నందికొండ పోయింది. చివరికి కారులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో లెక్క వేస్తుంటే అవ్వ వంటింట్లో ఉన్న నా భార్య వైపు చెయ్యి చూపి, "ఆ యమ్మి ఇంట్లోనే ఉండనీలే, ఎనుముకు పాలు పిండేదానికైనా ఒకరుండాల గదా" అంది. లోపల రోటి చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

మరునాడు నేను నా చదువును ఆయుధంగా తీశాను. వసారాలో నాయన ముందు కూర్చుని ఆ పుస్తకం తెరిచి, అందులో ఉన్నది తెలుగులో చెప్పాను. అవి గుళ్ళు కావని, వాటి కింద తవ్వితే ఎముకలు, కుండలు దొరికాయని చెప్పాను.

"అంటే సమాధులా అప్పా?"

"అవును నాయనా."

"ఎవరివి?"

"తెలీదు. మనకంటే ముందు ఈ నేలమీద ఉండిన వాళ్ళవి."

"మనోళ్ళు కాదని ఎట్ల చెప్తావు?" అన్నాడు.

నేను పుస్తకం పుటలు వెనక్కీ ముందుకీ తిప్పాను. కానీ పని జరిగింది. సమాధుల దగ్గరికి పోయివచ్చిన మనిషి తలస్నానం చెయ్యకుండా ఒకరి గడప తొక్కకూడదు. ఒక్కో రాతిగదికి ఒక్కో బావి వెతకాలి, తడిబట్టలతో కారెక్కాలి, ఆ మైలతో చుట్టాల ఇళ్ళలో విస్తరి ముందు కూర్చోవాలి. మధ్యాహ్నానికి పెదనాయనకు మోకాళ్ళ నొప్పి మొదలైంది. అవ్వ తన మొక్కును వేరే దేవుడికి మార్చుకుంది. నేను గీసుకున్నట్టే వెనక సీటు ఖాళీ అయింది. చదువుకున్నందుకు ఆ పూట గర్వపడినంతగా మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

"మేము రాములే" అంది అవ్వ, వక్క కత్తిరిస్తూ. "కానీ ఆ యమ్మిని మాత్రం నువ్వు తీసకపోవద్దు. కడుపుతో ఉండే పిల్లని సమాధుల కాడికి ఎవరన్నా తీసకపోతారా?"

"ఎవరు కడుపుతో ఉండేది?" అన్నాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వీనికి తెలీదా!" అంది. ఇంట్లో అందరికీ తెలుసు. చిక్కబళ్ళాపురంలో అక్కకూ, కారు బావకూ తెలుసు. పాలు పోయించుకునే ఇరుగుపొరుగుకూ తెలుసట. వారానికొకసారి వచ్చి పోయే మొగుడికి ఆ మాట చెప్పే సందు మాత్రం ఆమెకు దొరకలేదు. పైగా భార్య కడుపుతో ఉంటే మొగుడు కూడా కొండలెక్కకూడదు, సమాధుల దిక్కు పోకూడదు. నేను పన్నిన ఉపాయం మిగతావాళ్ళను దించేసి, చివరికి మా ఇద్దరినీ దించింది.

దసరా సెలవుల్లో చెప్పిన పొద్దుకే కారు వచ్చి వాకిట నిలబడింది. వచ్చిన బండిని ఖాళీగా పంపడం నాయనకు ఇష్టం లేదు. "కోటల్లో ఎవర్నీ పూడ్చలేదు గదా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. కోట అంటేనే యుద్ధం. అయినా "లేదు నాయనా" అన్నాను. వెంటనే అందరూ ఎక్కేశారు. మోకాళ్ళ నొప్పి పెదనాయన అందరికంటే ముందు ఎక్కాడు. (వాళ్ళు చూసింది గుమ్మనాయకనపాళ్యం కోట ఒక్కటే, అదీ కొండ కింద నుంచి. భోజనాలు మాత్రం ఒక్కటీ తప్పలేదట.)

ఆ పూట ఆమె పని ముగించుకుని వచ్చి వసారా మెట్టు మీద కూర్చుంది. నేను కొంచెం దూరంగా కూర్చున్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఒక్కో రాతి కింద ఎంతమందిని పెట్టింటారు?" అని అడిగింది.

"కొన్నిట్లో ఇద్దరు ముగ్గురివి దొరికాయంట."

"మొగుడూ పెండ్లామా?"

"అది రాయలేదు."

"రాసేవాళ్ళకు అవన్నీ ఎందుకులే" అని నవ్వింది. తర్వాత ఆమె చెప్పుకుంటూ పోయింది. వాళ్ళ ఊరి గురించి, చదివిన పుస్తకాల గురించి, పుట్టబోయే బిడ్డ గురించి. పాలు పిండే వేళ దాటిపోయి ఎనుము అరిచేదాకా ఇద్దరం లేవలేదు.

తర్వాతి కాలంలో పోవడానికి అన్ని వసతులూ కలిగాయి. నేను అడిగినప్పుడల్లా "పోదాములే" అనేది. పోలేదు. పోయిన ఏడాది ఆమె కన్నుమూసింది. ఇప్పుడు ఆ కుర్ర మేష్ట్రును తలచుకుంటే నవ్వొస్తుంది. కారులో ఇద్దరికి చోటు కోసం అంత తెలివి ఖర్చుపెట్టినవాడికి, కారు వెళ్ళిపోయాక ఇల్లంతా తమ ఇద్దరికే మిగిలిందని తట్టనే లేదు. దుమ్ము అణగిపోయినా వాకిట్లో నిలబడి రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆమె వచ్చి వెనక నిలబడి ఎంతసేపయిందో నాకు ఇప్పటికీ తెలియదు.