చీవరానికి కొలతలుండవు

మా మేనత్త సన్యాసుల దర్జీ. బజారు చివర ఒంటిగది దుకాణం. ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను అక్కడే కూర్చుని అంచులు కుడుతున్నాను. మామయ్య పోయాక అత్త ఆ కుట్టుమిషన్ మీదే బావని పెంచింది.

ఆశ్రమం వాళ్ళకి కాషాయం పంచెలు, క్రైస్తవ మఠంలో బ్రదర్లకి పాదాల దాకా దిగే అంగీలు, బౌద్ధ భిక్షువులకి చీవరాలు కుట్టేది. చీవరం పని చూస్తే కొత్తవాళ్ళకి ప్రాణం ఉసూరుమంటుంది. బంగారంలాంటి తానుని ముందు ముక్కలుగా కోసి, మళ్ళీ అతకాలి. దాని మీద ఎవరికీ ఆశ పుట్టకూడదట. తెల్లబట్టల జైన మునులు మాత్రం తమ కోసమని కుట్టింది ముట్టరు. "వాళ్ళని నమ్ముకుంటే మన పొయ్యిలో పిల్లి లేవదే!" అని అత్త నవ్వేది.

కొడుకుని మఠానికిచ్చిన తల్లులు దుకాణంలోనే ఏడ్చేవాళ్ళు. అత్త మంచినీళ్ళిచ్చి, "ఊరుకో అమ్మా. తాగి తందనాలాడేవాణ్ణి కన్నదానికంటే నువ్వు నయం కదూ," అనేది.

చీవరాలు భిక్షువులుండే విహారానికి చేరవేసేది బావే. ఇచ్చి వచ్చేసేవాడల్లా అక్కడే కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అన్నం తింటూ, "అమ్మా, నాకూ ఒకటి కుట్టు," అన్నాడు.

"దేనికిరా? నాటకంలో వేషమా?"

"నాటకం కాదమ్మా."

అత్త ముద్ద కంచంలో వదిలేసి నా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవే మీ బావకి. నోట్లో నాలుక లేదా?"

నేను గ్లాసులో నీళ్ళు పోసి బావ కంచం పక్కన పెట్టాను.

తల్లి ఒప్పుకోనిదే ఆ భిక్షువులు ఎవరినీ చేర్చుకోరు. బావ గొడవ పెట్టలేదు, ఎదురుచూశాడు. దారం రంగు కలవలేదని అత్త కొన్నాళ్ళు వాయిదా వేస్తూ వచ్చింది. ఆ తర్వాత టేపు తీసి బావ భుజాలు కొలిచింది. చీవరానికి కొలతలుండవు. బక్కవాడైనా బొద్దువాడైనా చుట్టుకోవడమే. అది అత్తకి తెలీక కాదు. అయినా ఛాతీ కొలిచింది, చేతులు కొలిచింది.

"చిక్కిపోయావురా," అంది.

బావ చిన్నపిల్లాడిలా చేతులు చాపి నిలబడ్డాడు.

విహారం హాల్లో పెద్ద భిక్షువు అడిగారు. "నీ కొడుకుని ఇష్టంగానే పంపుతున్నావా, అమ్మా?"

అత్త తల ఊపింది.

"నోటితో చెప్పాలమ్మా. మా నియమం."

అత్త నా చెయ్యి పట్టుకుంది, వేళ్ళు నొప్పి పుట్టేంతగా. కాదంటే బావ మాతో ఇంటికి వస్తాడు. వచ్చి, ఇప్పుడు మా ముందున్నట్టే నేల చూస్తూ బతుకుతాడు. అది మా ఇద్దరికీ తెలుసు.

"ఇష్టమేనండి," అంది. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

"కాస్త గట్టిగా, తల్లీ. అందరికీ వినిపించాలి."

అత్త, నువ్వు చెప్పు అన్నట్టు నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

"ఇష్టమే!" అత్త ఒక్కసారిగా అరిచింది, ఎవరో చెయ్యి మెలిపెట్టినట్టు.

బావ వంగి ఆమె పాదాలకి మొక్కి, తల గొరిగించుకోవడానికి లేచి వెళ్ళాడు.