కునుకు తీసిన కంప్యూటరు, ఇరవయ్యో రోజు గుడ్లు

డిగ్రీలో కంప్యూటర్లు చదివానని ఓర్వకల్లు దగ్గర ఒక రైతు నన్ను నమ్మాడు. కోడిగుడ్లు పొదిగించే ఆయన పెట్టెకు విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు తగిలించి, లోపలి వేడిని చూసుకుంటూ హీటరు వేసి ఆర్పే ప్రోగ్రాం రాసిచ్చాను. ఊళ్ళో ఆడవాళ్ళు తమ నాటుకోళ్ళ గుడ్లు తెచ్చి అందులో పెట్టారు. ఇరవయ్యో రోజు వచ్చింది. మర్నాడు గుడ్లు పగలాలి.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి రైతు మంచం మీంచి లేస్తున్నాడు. కంప్యూటరు తెర నల్లగా ఉంది.

"ఏమైందన్నా?"

"ఏం కాలేదప్పా. ఇంత ఎండలో మేమంతా పండుకుంటే, దాన్నొకదాన్నే పని చేయించేది యాడి న్యాయం? కీబోర్డు మీద చందమామ బొమ్మ ఉండాది సూడు, అది నొక్కినా. పాపం, వెంటనే పండుకునింది."

మౌసు కదిపాను. తెర వెలిగింది. నా ప్రోగ్రాం ముప్పై ఏడున్నర డిగ్రీలని చూపిస్తోంది. సరిగ్గా ఉండవలసిన వేడి. హమ్మయ్య అనుకుని పెట్టె తలుపు తీశాను. ముఖం మీద సెగ కొట్టింది. లోపలి గాజు థర్మామీటరులో నలభై మూడు.

తెర మీదిది నిద్రకు ముందటి అంకె. పడుకోబోయే ముందు విండోస్, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామునూ మర్యాదగా అనుమతి అడుగుతుంది. వద్దనవచ్చు. కనీసం హీటరు ఆర్పి పడుకోవచ్చు. నా ప్రోగ్రాం రెండూ చేయలేదు, అలా అడుగుతారన్న సంగతి దాన్ని రాసినవాడికే తెలియదు కనుక. మండుతున్న హీటరును మండుతున్నట్టే వదిలేసి రెండు గంటలు నిద్రపోయింది. లేచాక వేడి ఎంతుందో మళ్ళీ చూసుకోవాలన్న ఇంగితం కూడా దానికి నేను నేర్పలేదు.

సంగతి తెలిసి, గుడ్లిచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ వచ్చింది. గోరువెచ్చని నీళ్ళ బేసిను ముందు పెట్టుకుని తన పన్నెండు గుడ్లనూ ఒక్కొక్కటిగా వదిలింది. లోపల ప్రాణముంటే గుడ్డు నీళ్ళలో ఊగుతుంది. కాసేపటికి నీళ్ళు నిలకడ పడ్డాయి. గుడ్లు కూడా.

"తప్పు నాదేనమ్మా. అది పండుకునేటప్పుడు..." అన్నాను.

"మా కోడీ పండుకుంటాదప్పా," అంది ఆవిడ. "గుడ్ల మీద పండుకుంటాది."

మర్నాడు, నిద్రకు ఒప్పుకోని ప్రోగ్రాం రాసి తీసుకెళ్ళాను. చాలా బాగా పనిచేసింది. పెట్టెలో పెట్టడానికి ఊళ్ళో ఎవరూ గుడ్లివ్వలేదు.