ఎటక్కా?

నాకు నోటి దురుసు ఎక్కువ. మనుషుల ముందు కాదు, ఫోన్‌లో టైపు చేసేటప్పుడు. చాలా ఏళ్ళుగా వస్తున్న ఒక వీడియో గేమ్ సిరీస్ అభిమానులకు ఆన్‌లైన్‌లో ఒక గ్రూపుంది. అందులో చేరిన దగ్గర్నుంచీ నాదొకటే గోల: ఈ సిరీస్ మళ్ళీ మొదటికి రావాలి. వ్యవహారం మొదటికొచ్చిందంటే మనవాళ్ళు చెడిపోయిందనుకుంటారు. నేను బాగుపడాలని అంటున్నాను.

మొదటి గేమ్‌లో లాంతరు పట్టుకున్న ఒక పిల్ల, నీళ్ళలో మునిగిన కోట, మొరాయించే తలుపులు. అంతే. తర్వాత్తర్వాత తుపాకులొచ్చాయి, హెలికాప్టర్లొచ్చాయి, ఆ పిల్లకి రకరకాల బట్టలు కొనిపెట్టే దుకాణమొచ్చింది. అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది పసుపుపచ్చ బాణాన్ని చూస్తే. ఎటు పోవాలో అదే చూపిస్తుంది, ఏ తలుపు తియ్యాలో అదే చెబుతుంది. ఇక ఆడేవాడికి దాని వెనకాల గొర్రెలా నడవడం తప్ప ఏం పని?

ఇంత కోపానికి కారణముంది. మొదటి గేమ్ మేమిద్దరం ఆడాం, అక్కా నేనూ. నాన్న సైన్యంలో ఉండేవారు, ఢిల్లీ కంటోన్మెంట్‌లో మా క్వార్టర్. ముందు గదిలో ఎవరో వాడి అమ్మేసిన కంప్యూటర్. అక్క అప్పుడు నర్సింగ్ చదువుతోంది, నేను స్కూల్లో ఉన్నాను. కీబోర్డు నాది. అక్క పక్కన స్టూల్ మీద కూర్చునేది. "వేళ్ళు నీవి, కళ్ళు నావి" అనేది. గోడ మీద బొమ్మ ఇందాకటి గదిలో చూసిందేనని, నీళ్ళు ఎడమవైపు నుంచి ఎక్కుతున్నాయని అక్కే పట్టుకునేది. ప్రతి మలుపులోనూ నేను అడిగేది ఒక్కటే: "ఎటక్కా?" అమ్మ వంటింట్లోంచి వెక్కిరించేది, "వీడు స్నానానికి కూడా అక్కనడిగే వెళ్తాడు" అని.

అక్క ఇప్పుడు ఒక ఆసుపత్రిలో నర్సు, ఢిల్లీలోనే మయూర్ విహార్‌లో ఉంటుంది. నేను ఢిల్లీ పొలిమేర దాటాక ఇందిరాపురంలో. ఈమధ్యే కంపెనీ ఆ మొదటి గేమ్‌కి కొత్త రంగులు వేసి మళ్ళీ విడుదల చేసింది. అందులోనూ బాణాలు పెట్టారు గానీ, వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు. గ్రూపులో నేనే గెలిచినట్టు పండగ చేసుకుని, వెంటనే అక్కకి ఫోన్ చేశాను.

"ఆదివారం చర్చి అయ్యాక వస్తాన్రా," అంది. కాస్త ఆగి, "నన్ను వార్డు ఇన్‌ఛార్జిగా ఉండమంటున్నారు. బుధవారంలోగా చెప్పాలి. భయంగా ఉందిరా. ఈమధ్య అన్నీ మర్చిపోతున్నాను. మొన్న తాళాలు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికాను. నా బుర్ర పనిచేస్తోందో లేదో నీ ఆటలో తేలిపోతుందిలే," అని నవ్వింది. నేనూ నవ్వేశాను.

ఆదివారానికి ముందే ఒక్కణ్ణీ కూర్చుని, బాణాలు ఆపేసి మొదలుపెట్టాను. మూడో తలుపు దగ్గరే ఇరుక్కుపోయాను. తిరిగిన చోటే తిరిగాను, లాగిన గొలుసే లాగాను. గ్రూపులో అందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి. చివరికి ఎవరూ చూడట్లేదు కదా అని, ఆ తలుపు ఎలా తియ్యాలో చూపించే వీడియో వెతికి చూశాను. తర్వాత నాలుగో తలుపుది. ఇక ఆగలేదు, కోట మొత్తం చూసేశాను. ఒక్కసారైనా అక్క కన్నా ముందుండాలన్న దుర్బుద్ధి కూడా అందులో ఉంది.

ఆదివారం అక్క చర్చి చీరలోనే వచ్చింది. కుర్చీ నా పక్కకి లాక్కుని, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, "ఊఁ, కానియ్," అంది. మొదటి గదిలో ముందుకి వంగి, "ఆగాగు, ఆ పక్షి బొమ్మ..." అంటోంది. అప్పటికే నేను పక్షి ముక్కు తిప్పేశాను, తలుపు తెరుచుకుంది. రెండో గదిలో తను నోరు తెరిచేలోపే గొలుసు లాగేశాను. మూడో గదిలో అయితే తను చూసే దాకా కూడా ఆగలేదు.

"నీకివన్నీ గుర్తున్నాయట్రా?" అంది.

"గుర్తుండిపోయాయక్కా," అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అచ్ఛా," అంది. "నాకొక్కటీ గుర్తు రావట్లేదురా." మెల్లగా కుర్చీలో వెనక్కి జారబడింది. నా తెలివికి మురిసిపోతోందనుకున్నాను. టీ తాగి, తలనొప్పిగా ఉందని వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున ఫోన్ చేసింది. "ఇన్‌ఛార్జి వద్దని చెప్పేస్తున్నాన్రా. నీకు పాతికేళ్ళ కిందటి తలుపులు గుర్తున్నాయి. నేను ఎదురుగా చూస్తూ కూడా ఏమీ పట్టుకోలేకపోయాను. ఈ బుర్రతో వార్డు మీదేసుకుని, ఎవరి ప్రాణం మీదకి తేవాలి?"

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. ఆఫీసువాళ్ళకి ఆలస్యంగా వస్తానని చెప్పి, ఆటో పట్టుకుని మయూర్ విహార్ వెళ్ళాను. అక్క డ్యూటీకి బయల్దేరబోతోంది. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. "నాకూ ఏమీ గుర్తు లేదక్కా. మూడో తలుపు దగ్గరే ఆగిపోయాను. అంతా వీడియోలో చూసి, నీ ముందు గొప్పలు పోయాను."

అక్క బూటు లేసు కట్టుకోవడం ఆపి నా మొహంలోకి చూసింది. "గాడిదా," అంది. "రెండ్రోజులు నిద్ర లేదురా నాకు." చీవాట్లు ఇంకా వస్తాయనుకున్నాను. రాలేదు. లేసు ముడేసి, తల ఎత్తకుండానే అంది: "అంత దూరం నుంచి వచ్చి కూర్చున్నాను కదరా. ఒక్కసారైనా ఎటక్కా అంటావనుకున్నాను."

మొదటికి రావాలి, మొదటికి రావాలి అని ఏళ్ళ తరబడి రాశాను. తలుపుల గురించి రాశాను, లాంతరు గురించి రాశాను. పక్కన ఇంకో మనిషికి కూర్చునే చోటుండేదని ఒక్క ముక్క రాయలేదు. ఆ బాణాన్ని ఎన్ని తిట్లు తిట్టానో! ఆదివారం మా ఇంట్లో ఆ బాణం నేనే. అక్కతోనూ అదే అన్నాను: "ఆటలో దారి చూపించే బాణంలా తయారయ్యానక్కా."

"మరి ఇన్‌ఛార్జి సంగతి? చెప్పేశావా?" అన్నాను.

"ఇంకా లేదు."

"ఒప్పుకో అక్కా. నువ్వు కాకపోతే ఇంకెవరు..."

"ఇదిగో, మళ్ళీ బాణం చూపిస్తున్నావు," అంది.

అక్క సంచీ అందుకున్నాను. ఇద్దరం మెట్లు దిగాం. గేటు దాటాక, ఆదివారం అడగాల్సిన మాట అప్పుడడిగాను.

"ఎటక్కా?"

అక్క కళ్ళజోడు సర్దుకుంది. "చూడనీరా," అంది.