ఆ ప్లేలు రేణుక కొనలేదు

నిన్న పొద్దున రేణుక తమ్ముడు శ్రీను ఫోన్ చేశాడు. "అక్కా, రేణక్క పోయింది. గుండె ఆగిందంట."

"ఏ రేణుక?" అన్నాను.

ఇరవై ఏళ్ల స్నేహం. మల్కాజ్‌గిరిలో మా ఇళ్ల మధ్య రెండు గల్లీలు. అయినా నా నోట్లోంచి వచ్చింది ఆ మాటే.

మధ్యాహ్నానికల్లా ఫేస్‌బుక్ నిండా దీపాలు, దండం పెట్టే చేతులు. అందరికన్నా ముందు పోస్టు పెట్టింది ఎవరు? రేణుకతో కాంట్రాక్టు రద్దు చేసుకున్న మ్యూజిక్ కంపెనీ. "మా కుటుంబ సభ్యురాలు" అట. కింద ఆమె మొదటి ఆల్బమ్‌లోని బరాత్ పాట లింకు.

శవం ఇంకా ఇంట్లోనే ఉంది. లింకు పెట్టారు.



తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రేణుక పాప్ సింగర్. మొదటి ఆల్బమ్ సూపర్ హిట్. సికింద్రాబాద్‌లో ఆ పాట మోగకుండా పెళ్లికొడుకు గుర్రం కదిలేది కాదు.

రెండో ఆల్బమ్ పేరు "ఎనిమిదింటి బండి". పొద్దున్నే లోకల్ ట్రైన్ పట్టుకుని పనికి పోయే ఆడవాళ్ల పాటలు. అందులో ఒకటి, ఏ.ఎస్. రావు నగర్ బట్టల షోరూంలో రోజంతా నిలబడే పిల్ల గురించి. చీర కొనడానికి వెళ్లిన రేణుక ఆ పిల్లను "జెర కూసో అమ్మా" అందట. ఆ పిల్ల గోడ మీది సీసీ కెమెరా వైపు చూసి "వద్దు మేడమ్" అందట. రేణుక చీర కొనకుండా తిరిగొచ్చి పాట కట్టింది.

కంపెనీ మేనేజర్ ఆ పాట విన్న రోజు నేను పక్కనే ఉన్నాను.

"బాగుందమ్మా. కానీ దీనికి ఎవరు డ్యాన్స్ చేస్తారు?" అన్నాడు.

"కాళ్లు వాసినోళ్లు డ్యాన్స్ ఎట్ల చేస్తరు సార్? కూసొని వింటరు," అంది రేణుక.

ఆయన నవ్వలేదు. డీజే మిక్స్ చేయమన్నాడు. ఆమె చేయనంది. అంతే, ఆల్బమ్‌ను ఒక్క పోస్టర్ కూడా లేకుండా రిలీజ్ చేసి, వారం తిరగకముందే ఫ్లాప్ అని తేల్చేశారు. షట్టర్ సగం కూడా ఎత్తకుండా గిరాకీ లేదని ఏడవడం ఏం వ్యాపారమయ్యా?

ఇక్కడితో ఆపేస్తే నాకు బోలెడు లైకులు వస్తాయి. కంపెనీలను తిట్టడం నాకు బాగా వచ్చు.

ఇప్పుడు మా సంగతి.

మా సాంస్కృతిక వేదిక మీకు తెలుసు. రేణుక ఆల్బమ్‌ను మనమే గెలిపించాలని తీర్మానం చేశాం. ఆ ఐడియా నాదే. ఆదివారం మా ఇంట్లో మీటింగ్. వచ్చినవాళ్లందరి ఫోన్లూ చాప మీద పేర్చి, ఆల్బమ్ మళ్లీ మళ్లీ ప్లే అయ్యేలా పెట్టి, వాల్యూమ్ సున్నా చేశాం. ఎందుకంటే పక్కనే "కళ, మార్కెట్" మీద ఉపన్యాసం నడుస్తోంది. ఇస్తున్నది నేనే. డిస్టర్బెన్స్ ఉండకూడదు కదా!

మధ్యలో రేణుక వచ్చింది, మిర్చి బజ్జీల పొట్లం పట్టుకుని. చాప వైపు చూసింది.

"ఏందక్కా గిది? నా పాట నోరు మూసి మీరు మాట్లాడుతున్రా?"

అందరం నవ్వాం.

"ప్లేల కౌంట్ పెంచుతున్నాం రేణుకా. ఇదీ పోరాటమే," అన్నాను.

"ఒక్కరన్న విన్నరా?"

అందరి చేతులూ పొట్లం వైపు వెళ్లాయి. నిమిషంలో బజ్జీలు అయిపోయాయి.

ఇలా ప్రతి ఆదివారం. ఇళ్లలో కూడా ఫోన్లు చార్జింగ్‌కు పెట్టి ఇదే పని. కొన్నాళ్లకు స్ట్రీమింగ్ యాప్ ఆల్బమ్ మొత్తాన్ని తీసేసింది. వినేవాళ్లు లేకుండా తిరిగిన నకిలీ ప్లేలట. కంపెనీకి అంతకన్నా ఏం కావాలి? "ఆర్టిస్టు ఫేక్ ప్లేలు కొనుక్కుంది" అని ప్రకటించి కాంట్రాక్టు రద్దు చేసింది. యూట్యూబ్ ఛానళ్లు పండగ చేసుకున్నాయి. ఫంక్షన్లకు పిలిచేవాళ్లు పిలవడం మానేశారు.

రేణుక మా ఇంటికొచ్చి ఒక్కటే అడిగింది. "అక్కా, గది చేసింది మీరేనని ఒక్క ముక్క రాయి. నన్ను దొంగ అంటున్రు."

నేను రాయలేదు.

కమిటీలో పెడతానన్నాను. పెట్టాను. వేదిక పేరు దెబ్బతింటుంది, శత్రువుల చేతికి ఆయుధం ఇచ్చినట్టవుతుంది, తగిన సమయంలో వివరణ ఇద్దాం అని కమిటీ తేల్చింది. ఆ తీర్మానం డ్రాఫ్ట్ చేసింది కూడా నేనే. వాక్యాలు ఎంత బాగా కుదిరాయో! ఇప్పుడు తలుచుకుంటే నా చేతిని చూస్తేనే అసహ్యం వేస్తోంది.

రెండేళ్లయింది. తగిన సమయం రాలేదు. రేణుక మళ్లీ అడగలేదు. స్టేషన్ దగ్గర కనిపిస్తే "మంచిగున్నవా అక్కా" అనేది. నాలుగు తిట్టి ఉంటే వాదించేదాన్ని. వాదనలో నేను ఎవరికీ తగ్గను.

నిన్న రేణుక తల దగ్గర వాళ్ల మేనత్త కూర్చుని ఉంది. తిరుమలగిరి నుంచి వచ్చిన ముసలామె. నా చెయ్యి పట్టుకుని అడిగింది: "నువ్వు దోస్తువి గద బిడ్డా, నీకెర్కుంటది. మా పిల్ల నిజంగనే పైసలిచ్చి కొన్నదా?"

నేను రేణుక మీద కప్పిన బట్ట సర్దాను.

వెనక నుంచి మా వేదిక అధ్యక్షుడు వంగి చెవిలో అన్నాడు: "సంతాప సభ ఆదివారం పెట్టుకుందామా మేడమ్?"

సభ వద్దు సార్. దండలొద్దు, బ్యానర్ వద్దు, నా ఉపన్యాసం అసలే వద్దు. నన్ను వేదిక నుంచి తీసేయండి, తీర్మానం మీరే రాసుకోండి.

కంపెనీ వాళ్లూ, ఛానళ్ల వాళ్లూ, ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి. నా పేరు విజయ. ఆ ప్లేలు నేను మొదలుపెట్టించాను, మా వేదిక చేసింది. రేణుకకు ముందు తెలియదు. తెలిశాక అడ్డు చెప్పింది ఆమె ఒక్కతే. రెండేళ్లు ఆమె మీద నింద పడుతుంటే చూస్తూ కూర్చున్నది మేము.

అత్తమ్మా, నిన్న మీ ముందు నోరు రాలేదు. ఈ పోస్టు శ్రీను మీకు చదివి వినిపిస్తాడు. మీ పిల్ల ఏమీ కొనలేదు. దొంగలం మేము.

పోయిరా రేణుకా. ఇక నీకు ఎవరి సాక్ష్యం కోసమూ ఎదురుచూసే పని లేదు. నిమ్మళంగా నిద్రపో.